పడటం వచ్చిన పిల్ల

మా అన్నయ్య కూతుర్ని బళ్ళో అందరూ దూది అంటారు. కొట్టు వల్ల వచ్చిన పేరు. అన్నయ్యది పరుపుల కొట్టు. ముందు గదిలో బేరాలు, వెనక గదిలో దూది ఏకే మిషను, పైన మేమందరం సర్దుకునే రెండు గదులు. అది నడక రాకముందే ఆ దూది కుప్పల్లో దొర్లింది. నడక వచ్చాక మెట్టెక్కి వెనక్కి పడేది, బల్లెక్కి పక్కకి పడేది, పడి నవ్వుతూ లేచేది. మా వదిన ప్రతిసారీ గుండె పట్టుకునేది. "నడుం విరిగితే నిన్ను మోసేదెవరే!" అని అరిచేది. దానికి మాత్రం ఒంటి మీద గీత కూడా పడేది కాదు.

ఇక నా సంగతి. నేను దాని మేనత్తని. మొగుడు నన్ను వదిలేశాడో, నేనే ఆయన్ని వదిలేశానో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. తేల్చుకునే ఓపిక ఆయనకీ లేదు, నాకూ లేదు. అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాను. దూది చదివిన బళ్ళోనే ఆటల హాలు ఊడ్చి, తుడిచి, తాళం వేసే పని నాది. అందుకని ఇదంతా ఎవరి నోటా విన్నది కాదు, చీపురు పట్టుకుని ఓ మూల నిలబడి కళ్ళారా చూసింది. చూసి ఊరుకునే రకాన్ని కాదు కాబట్టి మధ్యలో నేనూ దూరాను.

ఆ బళ్ళో పై తరగతులకి వచ్చాక పిల్లలు ఒక సబ్జెక్టు తామే ఎంచుకోవాలి. కామర్సు తీసుకోవచ్చు, కంప్యూటర్లు తీసుకోవచ్చు, లేదంటే స్పోర్ట్స్. దూది స్పోర్ట్స్ తీసుకుంది. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు అన్నయ్య పరుపు కుట్టే దబ్బనం కింద పెట్టి మరీ నవ్వాడు.

"ఆడుకోడానికి పుస్తకమేమిటే? ఇంక నిద్రపోడానికి కూడా పరీక్ష పెట్టమను, మన కొట్టు బాగుపడుతుంది."

"నవ్వకు నాన్నా. ఇందులో ఎముకలుంటాయి, కండరాలుంటాయి, ఊపిరి ఎలా ఆడుతుందో ఉంటుంది."

"నా ఊపిరి ఎందుకు ఆడట్లేదో ఉందేమో చూడు," అన్నాడు అన్నయ్య. అంటూనే దగ్గు తెర వచ్చి గోడ పట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి దూది నుసి పీల్చిన మనిషి. ఆ దగ్గు వింటే మా అందరి చేతుల్లో పని ఆగిపోతుంది.

అది మాత్రం చదివింది. సాయంత్రాలు కొట్టులో గల్లా పక్కన కూర్చుని, దొరికిన వాళ్ళ ఒంటి మీదే పాఠం అప్పజెప్పేది. నా భుజం నొక్కి "అత్తా, ఇది బంతి గిన్నె కీలు" అనేది. మోచెయ్యి వంచి "ఇది మడత బందు కీలు" అనేది. "పేరు తెలిస్తే నొప్పి తగ్గుతుందా?" అని నేను. "తగ్గదు కానీ ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది" అని అది. దానికి ఆటల టీచరు కావాలని కోరిక. ఊరికే కల కనడం కాదు, దారి కూడా కనుక్కుంది. పక్క ఊళ్ళో రెండేళ్ళ ట్రైనింగ్ కాలేజీ ఉంది. అక్కడ సీటు రావాలంటే స్పోర్ట్స్ సబ్జెక్టులో రాత పరీక్షా పాసవ్వాలి, ప్రాక్టికలూ పాసవ్వాలి. ఒకదాంట్లో ఎన్ని మార్కులొచ్చినా రెండోదాంట్లో తప్పితే తప్పినట్టే.

అన్నయ్య తన మాట తను చెప్పేశాడు. "పాసైతే వెళ్ళు, నేను అడ్డు రాను. తప్పితే మర్నాటి నుంచి దబ్బనం పట్టుకో. నా వల్ల కావట్లేదమ్మా." ఆయన కఠినుడని నేను అనను. మనిషికి నిజంగానే చేతకావడం లేదు. వదిన ఒక్కతే ఎంతని చేస్తుంది? అందుకే దూది కూడా ఎదురు చెప్పలేదు. "సరే నాన్నా" అంది.

మా బడికి గ్రౌండు లేదు. ఉన్నది ఒక్క హాలు. కిటికీలు పైన ఎక్కడో కప్పుకి దగ్గరగా ఉంటాయి, వాటిల్లోంచి వెలుగు వస్తుంది కానీ గాలి రాదు. పరుగుపందేలకి చోటు లేదు కాబట్టి ప్రాక్టికల్‌కి జూడో పెట్టారు. తెల్ల కోటు వేసుకుని, ఎదుటి మనిషి కోటు పట్టుకుని, నడుము మీదకి లాక్కుని మ్యాట్ మీద పడేయాలి. పరీక్షలో ఒక్కొక్కరికీ మూడు అవకాశాలు. అందులో ఒక్కటైనా సరిగ్గా పడాలి. పడేసినవాళ్ళు నిలబడే ఉండాలి, పడినవాళ్ళకి దెబ్బ తగలకూడదు. అంతే రూలు.

మొదటి రోజు ఆటల మేడమ్ పడటమే నేర్పింది. మేడమంటే చిన్న పిల్లే, మెళ్ళో ఈల తీయకుండా తిరుగుతుంది, మనసు మంచిది. "గడ్డం గుండెకి ఆనించండి, చెయ్యి చాపకండి, నేలకి తగిలేటప్పుడు అరచేత్తో మ్యాట్‌ని గట్టిగా కొట్టండి" అని చెప్పింది. క్లాసంతా ఒకటే గోల. ఒకతి కూర్చుండిపోయింది, ఒకడు వెక్కిళ్ళు పెట్టాడు. మా దూది ముందుకొచ్చి పరుపు పరిచినట్టు పడి లేచింది. మేడమ్ కళ్ళు మెరిశాయి. అవి అలా మెరవడం చూసి నేను మురిసిపోయాను. ఏం ముంచుకొస్తోందో నాకప్పుడు ఏం తెలుసు!

మర్నాటి నుంచి అందరూ దూదినే పడేయడం మొదలుపెట్టారు. ఎవరికైనా త్రో, అంటే పడేసే పట్టు, నేర్పాలంటే, "దూదీ, ఒక్కసారి రా" అనేది మేడమ్. అది పడితే అవతలివాళ్ళు ఎంత అడ్డదిడ్డంగా లాగినా బ్రహ్మాండంగా పడేసినట్టే కనిపిస్తుంది. ఎందుకంటే సగం పని అదే చేస్తుంది. వాళ్ళు తడబడితే సర్దుకుంటుంది, వాళ్ళు భయపడితే తనే ఎగురుతుంది. దాంతో పిల్లలకి ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చాక ఇంకెవర్ని పట్టుకుంటారు? హాల్లో దాని ముందు క్యూ కట్టేవాళ్ళు. ఒకళ్ళు పడేసి వెళ్ళగానే రెండోవాళ్ళు. మిగతావాళ్ళెవరూ మొదటి రోజు తర్వాత మ్యాట్‌కి వీపు ఆనించిన పాపాన పోలేదు.

ఒక నెల పోయాక నాకు ఒళ్ళు మండింది. అందరూ వెళ్ళాక చీపురు కింద పడేసి మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"ఏం మేడమ్, మా పిల్లకి పడేయడం ఎప్పుడు నేర్పుతారు?"

"దానికి రానిదేముందండీ? అన్ని త్రోలూ కింద నుంచి చూసింది కదా."

"కింద నుంచి చూస్తే వచ్చేస్తుందా? పుట్టింటికొచ్చిన దగ్గర్నుంచీ ఈ బడి ఊడుస్తున్నాను, నాకు హెడ్మాస్టరు పని వచ్చిందా?"

ఆ అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. కుర్చీలో కూర్చుని, ఉన్న సంగతి చెప్పింది. ఈ ఏడు స్పోర్ట్స్‌లో ఎక్కువమంది తప్పితే ఆ సబ్జెక్టే ఎత్తేస్తామన్నారట. సబ్జెక్టు పోతే తన ఉద్యోగమూ పోతుంది. "దూది లేకపోతే వీళ్ళలో ఒక్కరూ పాసవరండీ. కాస్త గాడిలో పడనివ్వండి, తర్వాత దాని పనే చూస్తాను" అంది. ఏడవడానికి సిద్ధంగా ఉంది. నేనేం చెయ్యను? కోపంగా వెళ్ళినదాన్ని మంచినీళ్ళు తెచ్చిచ్చి వచ్చాను. ఆ "తర్వాత" మాత్రం రాలేదు.

ఇంటికొచ్చి దూదిని నిలదీశాను. అది మెట్ల మీద కూర్చుని ఎడమ చేతికి ఏదో నూనె రాసుకుంటోంది. మ్యాట్‌ని కొట్టీ కొట్టీ మోచెయ్యి దాకా కమిలిపోయింది. పరుపుల కొట్టు పిల్ల, ఏ పక్కకి తిరిగి పడుకున్నా "అబ్బా" అనేది.

"నోట్లో నాలుక లేదా నీకు? నావల్ల కాదని చెప్పలేవూ?"

"చెబితే వేరే ఎవరో పడాలి అత్తా. వాళ్ళకి పడటం రాదు. దెబ్బ తింటారు. నాకైతే తగలదు."

"మరి ఇదేమిటి?" అని ఆ కమిలిన చోట వేలు పెట్టాను. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నేను పడనంటే నాతో ఎవరు మాట్లాడతారు అత్తా? ఇన్నాళ్ళూ నేను ఉన్నానని కూడా వాళ్ళకి తెలీదు. ఇప్పుడు బళ్ళోకి అడుగు పెడితే చాలు, దూదీ దూదీ అంటారు." అని మళ్ళీ నూనె రాసుకుంది. పిల్లని ఎవరో గదిలో పెట్టి తాళం వేస్తే బద్దలు కొట్టేదాన్ని. దీన్ని ముద్దు చేసి మరీ లోపల కూర్చోబెట్టారు, తాళమెక్కడుందని వెతకను?

పరీక్ష రోజు రానే వచ్చింది. పరీక్ష పెట్టడానికి బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. లావుపాటి మనిషి, కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకున్నాడు. ఎవరి పార్టనర్‌ని వాళ్ళే పిలుచుకోవచ్చన్నాడు. మొదటివాడు "దూది" అన్నాడు. రెండో అమ్మాయి "దూది" అంది. అలా క్లాసు క్లాసంతా దాన్నే పిలిచింది. పిలిచిన ప్రతిసారీ అది లేచి, వంగి నమస్కారం పెట్టి, పడి, లేచి, మళ్ళీ పడింది. మధ్యలో ఒకసారి నా వైపు చూసింది. మొహం పాలిపోయి ఉంది. నాకు నోరు తెరిచి అరవాలనిపించింది. అరిస్తే పరీక్ష ఆగిపోతుందని చీపురు కర్ర గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

అందరిదీ అయ్యాక ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇక నువ్వు. నీ పార్టనర్ ఎవరమ్మా?" అన్నాడు.

అందరూ నేలచూపులు చూశారు. అప్పటిదాకా దాన్ని పడేసి మార్కులు మూటగట్టుకున్నవాళ్ళే! చివరికి బ్యాంకు మేనేజరు కూతురు లేచింది. సన్నగా, తెల్లగా, తగిలితే పగిలేలా ఉంటుంది, నేను మనసులో గాజుబొమ్మ అని పిలుచుకునేదాన్ని. ఆ ఒక్క పిల్లకి సిగ్గేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. వచ్చి నిలబడింది కానీ కోటు కొసలు గుప్పిట్లో నలిపేస్తోంది. పడటం రాదు మరి. ఆ హాల్లో ఎవరికొచ్చు గనక? పడాల్సినవన్నీ ఈ పిల్లే పడిపోయింది.

దూది దాని కోటు పట్టుకుంది. నడుము తిప్పింది. గాజుబొమ్మ నేల మీద నుంచి లేచింది. లేవగానే కెవ్వున అరిచి చెయ్యి కిందకి చాపింది. చాచిన చెయ్యి మీద మనిషి బరువు పడితే మణికట్టు విరగడం ఖాయం. దూదికి అది చూడక్కర్లేదు, పట్టుకున్న కోటులోనే తెలిసిపోయింది. మధ్యలో తిరిగిపోయి ఆ పిల్ల కిందకి వెళ్ళి తను పడింది. గాజుబొమ్మ మెత్తగా దాని మీద దిగింది.

"ఇది లెక్కలోకి రాదు," అన్నాడు పెద్దాయన. "నువ్వు నిలబడాలమ్మా."

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. "నా సర్వీసులో ఇంత చక్కగా పడేవాళ్ళని చూడలేదు. కానీ తల్లీ, పడినందుకు మార్కులు లేవు. నేనేం చెయ్యను?" అన్నాడు. దూది వంగి నమస్కారం పెట్టింది. తర్వాత అలవాటు ప్రకారం మ్యాట్లు దులపడానికి నా పక్కకొచ్చింది. "పో అవతలికి, ముట్టుకున్నావంటే చంపుతాను" అని అరిచాను. అది ఏడవలేదు. నేనే హాలంతా వినపడేలా ఏడ్చాను.

క్లాసులో మిగతా అందరూ పాసయ్యారు. సబ్జెక్టు నిలబడింది, మేడమ్ ఉద్యోగం నిలబడింది. బళ్ళో మిఠాయిలు పంచారు. నాకిచ్చిన ముక్కని కిటికీలో పెట్టి చీమలకి వదిలేశాను.

దూది దబ్బనం పట్టుకుంది. వెనక గదిలో మిషను ఆడుతుంటే పింజలు ఎగిరిపోకుండా తలుపులూ కిటికీలూ మూసేయాలి. మూతికి గుడ్డ కట్టుకుని, పొద్దున్న కూర్చుంటే దీపాలు పెట్టేదాకా కుట్టేది. రెప్పల మీద, జుట్టు మీద తెల్లగా నుసి. బడి వదిలే వేళకి వీధిలో పిల్లల అరుపులు వినిపించేవి. అప్పుడు దాని చెయ్యి ఆగేది. అవి దూరమయ్యాక మళ్ళీ కుట్టేది. అన్నయ్య ఆ ఆగిన చెయ్యి చూసేవాడు, తల తిప్పుకునేవాడు. ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు, నేను దూది ఏకకపోయినా సరే.

ఒక రోజు మేడమ్ కొట్టుకొచ్చింది. పరుపు కొనడానికేమో అనుకున్నాం. కూర్చోమన్నా కూర్చోలేదు. ఈలని వేళ్ళతో తిప్పుతూ నిలబడింది.

"దూదీ, కొత్త బ్యాచ్ వచ్చింది. అస్సలు భయం పోవట్లేదు వాళ్ళకి. వారానికి ఒక్కసారి వచ్చి కాస్త పడతావా అమ్మా?"

అది ఏం చేసిందో తెలుసా? దబ్బనం గుడ్డకి గుచ్చి లేచింది. చేతులు దులుపుకుంది. మొహం వెలిగిపోతోంది. "వస్తాను మేడమ్" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కూర్చోవే! వస్తావా? సిగ్గుందా? ఏం మేడమ్, మీకైనా ఉందా? దీని నడుం మీద మీ క్లాసంతా ఎక్కి అవతలి ఒడ్డుకి పోయింది. ఇది ఇక్కడ గుడ్డలు కుట్టుకుంటోంది. మళ్ళీ కావాలా? మళ్ళీ పడాలా? పడటమే కావాలంటే ఇది మళ్ళీ పరీక్ష రాసే దారేదో చెప్పండి, అప్పుడు మాట్లాడదాం!"

వదిన నా చెయ్యి పట్టుకుని లాగింది. మేడమ్ మొహం ఎర్రబడింది. అయినా జవాబు చెప్పింది. "దారి ఉందండీ. ప్రైవేటుగా కట్టొచ్చు. రాత పరీక్ష ఎలాగూ పాసైంది. ప్రాక్టికల్ ఒక్కటే. కానీ ప్రైవేటువాళ్ళు తమ పార్టనర్‌ని తామే తెచ్చుకోవాలి. వయసుతో పని లేదు, ఒంట్లో బాగుందని డాక్టరు రాసివ్వాలి. నేను దూది క్లాసువాళ్ళందర్నీ అడిగి చూశాను. ఎవరూ రామన్నారు. ఎవరొస్తారు చెప్పండి?"

"నేనొస్తాను!" అన్నాను.

కోపంలో అన్న మాట. అన్నాక అందరూ నా వైపు తిరిగితే గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కే మనిషిని నేను! వెనక్కి తీసుకుందామంటే, అది నన్ను చూస్తున్న చూపు చూశాక ఆ మాట మీదే ఉండిపోయాను. అన్నయ్య దగ్గుతో పాటు నవ్వాడు. "అయితే ఈ ఏడు కొట్టుకి సెలవు రాసుకోవాలి, హాస్పిటల్‌కి తిరగడానికి" అన్నాడు.

మర్నాడు సాయంత్రం మిషను ఆపాక వెనక గదిలో నా చదువు మొదలైంది. దూది కుప్పగా పోసి, "వెనక్కి వాలు అత్తా" అంది. వెనక్కి వాలడం ఎంత కష్టమో మీకు తెలీదు. వెనకాల మెత్తటి దూది ఉందని బుద్ధికి తెలుసు, నడుముకి తెలీదే! నిలబడ్డాను, చెమటలు పట్టాయి, కూర్చున్నాను. "పడమంటే కూర్చున్నావేం?" అంది. "పెద్దవాళ్ళం, మెల్లిగా పడతాం" అన్నాను. నవ్వి నవ్వి దాని కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అది అలా నవ్వి చాలా కాలమైంది. ఆ నవ్వు కోసం కళ్ళు మూసుకుని వాలిపోయాను.

కుప్ప మీద అయ్యాక పరుపు మీద, పరుపు మీద అయ్యాక బళ్ళో మ్యాట్ మీద. తాళాలు నా దగ్గరే కదా, మేడమ్ హెడ్మాస్టర్ని అడిగి పెట్టింది. "చెయ్యి చాపకు అత్తా. ఊపిరి వదిలెయ్. కొట్టు, గట్టిగా కొట్టు!" అని అది అరిచేది. ఎంత బాగా చెప్పేదో! కొత్త బ్యాచ్ పిల్లలు కూడా చేరి చూసేవాళ్ళు. "ఈవిడే పడుతోంది, మీకేం రోగం?" అని వాళ్ళనీ పడేలా చేసింది. ఎవరి కోసమూ అది పడలేదు. ఆ షరతు నేను పెట్టాను.

నాకు పడటం వచ్చేసింది. దానికే పడేయడం రాలేదు.

కోటు పట్టుకునేది, నడుము తిప్పేది, నేను గాల్లోకి లేచేదాన్ని. దిగేసరికి కింద మెత్తగా తగిలేది. చూస్తే అదే! ప్రతిసారీ నా కిందకి దూరేసేది. "అదేమిటే!" అంటే, "నాకు తెలీకుండానే వెళ్ళిపోతున్నాను అత్తా. నీ కోటు పట్టుకుంటే నీ భయం నా చేతుల్లోకి వచ్చేస్తుంది" అనేది. ఒక రోజు మ్యాట్ మీదే కూర్చుని మొహం మోకాళ్ళలో దాచుకుంది. "ఇంక నాకిదొక్కటే వచ్చేమో. నేను జీవితమంతా ఇలా ఒకళ్ళ కిందే ఉంటానేమో" అంది. పక్కన కూర్చుని వీపు రాశాను.

డాక్టరు కాగితం వచ్చింది, ఇక పరీక్షకి నాకు తెల్ల కోటు కావాలి. నా సైజుకి ఎక్కడా దొరకలేదు. ఆ సంగతి భోజనాల దగ్గర అనుకున్నాం. మర్నాడు చూస్తే అన్నయ్య ముందు మందపాటి తెల్ల గుడ్డ, దబ్బనం. "ఈ సైజు గుడ్డ మేం పెద్ద పరుపులకే తీస్తాం" అన్నాడు నా కొలతలు చూస్తూ. భుజాల దగ్గర, పట్టుకునే చోట రెండు వరసలు కుట్టాడు. కుట్టు పూర్తయ్యాక రెండు చేతుల్తో లాగి చూసి, "చిరగదు, గట్టిగానే లాగు" అన్నాడు కూతురితో. అది ఆ కోటు తీసుకుని చాలాసేపు మడతపెడుతూనే ఉంది.

పరీక్షకి మళ్ళీ ఆ పెద్దాయనే వచ్చాడు. నన్ను చూసి, "ఆవిడ ఎవరు?" అన్నాడు. "పార్టనర్ సార్" అంది మేడమ్. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "పోయినసారి చీపురుతో నిలబడ్డావిడ కదూ?" అన్నాడు. "ఈసారి చీపురు తేలేదండి" అన్నాను. పిల్లలు కిసుక్కుమన్నారు. గుమ్మం దగ్గర అన్నయ్య ఉన్నాడు, కొట్టు మూసి వచ్చాడు. దగ్గొస్తే గుడ్డ అడ్డం పెట్టుకుంటున్నాడు.

మొదటిసారి నేను లేచాను, తిరిగాను, దాని మీద పడ్డాను. "లెక్కలోకి రాదు" అన్నాడాయన.

రెండోసారి లేచేటప్పుడే చెవిలో "వద్దే" అన్నాను. అయినా వెళ్ళిపోయింది. మళ్ళీ నా కింద అదే మెత్తదనం. దాని మీద నుంచి లేచేటప్పుడు మొహం చూశాను. మొదటి పరీక్ష రోజున ఉన్న మొహమే, పాలిపోయి ఉంది. ఇక ఇది ఇంతేనని దానికీ తెలిసిపోయింది. మేడమ్ ఈల నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. ఒక్కటే మిగిలింది. అది కూడా ఇలాగే పోతుంది, ఈ పిల్ల వెళ్ళి ఆ తలుపులు మూసిన గదిలో కూర్చుంటుంది, అన్నయ్య దగ్గు దానికి వస్తుంది. నాకు అదంతా కళ్ళ ముందు కనబడింది.

"ఒక్క నిమిషం ఆగండి సార్," అన్నాను.

"ఏం, దెబ్బ తగిలిందా?"

"తగల్లేదు. అదే చూపిద్దామని."

మ్యాట్ మధ్యకి వెళ్ళాను. దూది వైపు తిరిగి నిలబడ్డాను. గడ్డం గుండెకి ఆనించి, ఊపిరి వదిలి, ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ లాగకుండా, నిలువునా వెనక్కి పడ్డాను. అరచెయ్యి మ్యాట్‌ని కొట్టిన చప్పుడుకి హాలు అదిరింది. లేచాను. మళ్ళీ పక్కకి పడ్డాను. లేచాను. ముడి ఊడిపోయి జుట్టు మొహం మీద పడింది, పక్కకి తోసుకున్నాను.

"చూశావా? పగిలానా? నేర్పింది నువ్వే కదే! నేను పడగలను. నా కింద నువ్వు అక్కర్లేదు. నిలబడు!"

హాలంతా వినిపించేలా అరిచాను. ఆయన ఏమైనా అనుకోనీ. అది తన కోటు సర్దుకుంది. దగ్గరికొచ్చింది. వంగి నమస్కారం పెట్టింది, నేనూ పెట్టాను. అన్నయ్య రెండు వరసలు కుట్టిన చోట కోటు పట్టుకుంది. నన్ను లాగింది. నేల నా కాళ్ళ కింద నుంచి పోయింది.

దబ్బుమని పడ్డాను. వీపు కింద మ్యాట్ తగిలింది. గట్టిగా, చల్లగా, నేను రోజూ తుడిచే మ్యాట్. మెత్తగా ఏమీ లేదు. అది ఎక్కడుందో తెలియక భయమేసి కళ్ళు తెరిచాను. మొదట హాలు కప్పు కనబడింది. ఫ్యాను రెక్కల మీద జానెడు బూజు. ఇన్నేళ్ళూ నేల మాత్రమే చూసుకున్నాను, ఒక్కసారి తలెత్తి చూసిన పాపాన పోలేదు.

ఆ ఫ్యాను కింద, నాకు పైన, దూది నిలబడి ఉంది. రెండు కాళ్ళ మీద.

పెద్దాయన ఏదో రాసుకుంటున్నాడు. ఏం రాశాడో నేను చూడలేదు. మేడమ్ బోరున ఏడుస్తోంది, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, గుమ్మం దగ్గర అన్నయ్య గుడ్డలో మొహం దాచుకున్నాడు, దగ్గు కాదది. అప్పుడు తెలిసింది పాసైందని.

అది వంగి నాకు చెయ్యి అందించింది. "లే అత్తా."

"ఉండవే," అన్నాను. "కాసేపు పడుకోనీ."